విభాగాలు 14 నుంచి ఎన్నికి దించుదాం? ఊరికే చదివి పోకుండా ఒక మాట రాయండి

పెన్నా_గట్టు (నిర్వాహకుడు, నెల్లూరు)
శనివారం, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. మన ఉచిత సాఫ్ట్‌వేర్ సహాయ వేదిక మొదలుపెట్టిన రోజు నాకు ఉత్సాహం ఎక్కువై 14 విభాగాలు తెరిచాను. లిబ్రెఆఫీస్‌లోని రైటర్, క్యాల్క్, ఇంప్రెస్, ఇంకా గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, ఫైర్‌ఫాక్స్, ఉబుంటు, విండోస్, ఫాంట్లు, కీబోర్డులు, అనువాదం, ప్రకటనలు, ఇతరములు. కొత్తిల్లు కట్టినవాడు గదికో పేరు పెట్టుకున్నట్టు అప్పట్లో ముచ్చటగానే అనిపించింది.

ఇప్పుడు చూస్తే ఇంప్రెస్‌లో ఉన్నది ఒకే పోస్టు, అదీ నేను పెట్టిన "స్వాగతం". స్క్రైబస్‌లో అదీ లేదు. పోయిన నెల ప్రశ్నలన్నీ కూర్చుని చదివాను. సగానికి సగం ఇతరములులోనే పడి ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక, పాత కంప్యూటర్లు ఏం చేసుకోవాలో తెలియక వచ్చే కొత్తవాళ్ళు కూడా పెరిగారు. వాళ్ళకి ఈ 14 పేర్ల జాబితా చూపించడం నాకే బాగా లేదు.

నాలుగైదుకి దించేద్దాం అంటున్నా. ఏవి ఉంచాలి, ఏ పేరుతో ఉంచాలి, పాత పోస్టులు ఏం చెయ్యాలి, చెప్పండి. రేపు ఆదివారం. చేపల పులుసు తిన్నాక తీరిగ్గా రాసినా సరే.

కందుకూరు_కుర్రోడు
శనివారం, రాత్రి 8:31

అన్నా, తగ్గించొద్దు, ఇంకా పెంచాలి. లినక్స్‌లో ఉబుంటు ఒక్కటే ఉంది, మింట్ వాళ్ళు ఎక్కడ అడగాలి? నేను హాస్టల్లో రోజూ రాత్రి గంటసేపు కూర్చుని లినక్స్ ప్రశ్నలకి మాత్రమే జవాబులు రాస్తున్నా. అన్నీ కలిపేస్తే పెళ్ళికార్డు ఫాంట్ల మధ్య నా ప్రశ్నలు నేను ఏరుకోవాలి. పెద్ద కమ్యూనిటీలన్నీ సాఫ్ట్‌వేర్‌వారీగానే ఉంటాయి కదా. ఎక్కడ అడగాలో తెలియనివాళ్ళు పైన పిన్ చేసిన పోస్టు చదువుకోవాలి.

ఒంగోలు_డీటీపీ
శనివారం, రాత్రి 9:05

"పెళ్ళికార్డు ఫాంట్లు" అని అంత తేలిగ్గా తీసెయ్యొద్దు అబ్బాయ్. ఆ కార్డుల మీదే మా ఇల్లు నడుస్తోంది.

నా సంగతి చెబుతా విను. మాది పాత దుకాణం. కార్డుల పేజీలు పేర్చడానికి పేజ్‌మేకర్, అను ఫాంట్లు, దాంట్లో యాపిల్ అనే కీబోర్డు వరస. చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. ఇప్పుడు కస్టమర్లు మ్యాటర్ కాగితం మీద తేవట్లేదు, వాట్సాప్‌లో పంపిస్తున్నారు. అది కాపీ చేసి పేజ్‌మేకర్‌లో పెడితే వరసగా ప్రశ్నార్థకాలు. వధువు పేరు దగ్గర నాలుగు ప్రశ్నార్థకాలు, వరుడి పేరు దగ్గర ఐదు. ముహూర్తం దగ్గర పడింది, కార్డులు పొద్దున్నే ఇవ్వాలి.

ఫాంట్ల విభాగంలో అడిగా. "ఇది విండోస్ సమస్య" అన్నారు. విండోస్‌లో అడిగా. "పేజ్‌మేకర్ మన సాఫ్ట్‌వేర్ కాదు" అన్నారు. కీబోర్డుల్లో అడిగా, అక్కడ అసలు మనిషే లేడు. రాత్రి పదకొండున్నరకి మ్యాటరంతా మళ్ళీ కొట్టుకుని పడుకున్నా. మర్నాడు కావలి నెట్‌సెంటర్ అక్క చూసి, వాట్సాప్‌లో వచ్చే యూనికోడ్ తెలుగుని అనుకి మార్చే కన్వర్టర్ ఉందని చెప్పింది. మూడు గదులు తిరిగినవాడికి వరండాలో మంచినీళ్ళు దొరికినట్టు.

పలక_బలపం (మార్కాపురం)
ఆదివారం, ఉదయం 7:20

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. ఎక్కువ రాయను గానీ ఇది రాయాలనిపించింది.

ఫిబ్రవరి 28న సైన్స్ డేకి పిల్లలు ల్యాబ్‌లో పోస్టరు చేస్తున్నారు. "విజ్ఞాన దినోత్సవం" అని కొడితే జ్ఞ విడిపోయి, జ కింద ఉండాల్సిన వత్తు పక్కకి వచ్చి కూర్చుంది. "త్స"దీ అదే గతి. నేను ఇక్కడ కీబోర్డుల విభాగంలో అడిగాను. టైపు చేస్తేనే కదా తప్పొచ్చింది, కాబట్టి కీబోర్డే అనుకున్నాను. "ఇది కీబోర్డు సమస్య కాదు, సెర్చ్ చేసి సరైన విభాగంలో అడగండి" అని ఒకరు రాశారు. ఎవరో చెప్పను, ఆ అబ్బాయి మంచివాడే.

ఏ గదిలో జబ్బుందో నాకే తెలిస్తే మందు కూడా నేనే వేసుకునేదాన్ని కదా. ఆ రోజు పిల్లలు పోస్టరు చేత్తో రాసేశారు.

కందుకూరు_కుర్రోడు
ఆదివారం, ఉదయం 8:02

అది నేనే మేడం. సారీ. ఆ రోజు ల్యాబ్ ఎగ్జామ్ టెన్షన్‌లో ఉండి అలా రాసేశా. జవాబు రాసి ఉంటే ఆ లైను కంటే చిన్నగా అయ్యేది.

ఉదయగిరి_కొండ
ఆదివారం, ఉదయం 9:47

మేడం అడిగినదీ డీటీపీ అన్న అడిగినదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ చెప్పింది "తెలుగు సరిగా రావట్లేదు" అనే. కారణాలు మాత్రం వేరు. నేను ఇక్కడ చూసినంతలో ఈ ఫిర్యాదు నాలుగు రకాలుగా వస్తుంది.

అక్షరం బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే, ఆ ఫాంటులో తెలుగు లేదని అర్థం. గౌతమి, నిర్మలా, మండలి లాంటి ఏ యూనికోడ్ ఫాంటు పెట్టినా డబ్బాలు పోతాయి.

అక్షరాలు ఉండి, వత్తులు విడిపోతే చాలాసార్లు ఫాంటుది తప్పు కాదు. హల్లుల్ని కలిపి ఒక రూపంగా పేర్చే పని ఆ సాఫ్ట్‌వేర్‌కు చేతకావట్లేదు. లిబ్రెఆఫీస్ ఆ పనికి హార్ఫ్‌బజ్ అనేదాన్ని వాడుకుంటుంది. పేజీలు పేర్చే స్క్రైబస్ 1.4లో తెలుగు విడిపోయేది, 2024 జనవరిలో వచ్చిన 1.6లో కలిసే వస్తుంది. మేడం గారి ల్యాబ్‌లో ఉన్నది బాగా పాత ఎడిటర్ అయి ఉండాలి. వెర్షన్ మారిస్తే చాలు.

ప్రశ్నార్థకాలు వస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడే తెలియదు. పేజ్‌మేకర్ సంగతి ఇదే. మనం ఇచ్చిన అక్షరాన్ని దాచుకోవడానికి దాని దగ్గర చోటు లేదు, పారేసి ప్రశ్నార్థకం పెడుతుంది. అక్కడ ఫాంటు ఎన్నిసార్లు మార్చినా పోయిన అక్షరం తిరిగి రాదు.

ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కలగలిసి వస్తే, అది చాలాసార్లు అనులో కొట్టిన మ్యాటర్. అను తెలుగు బొమ్మల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడుతుంది. ఫాంటు తీసేస్తే ముసుగు తీసినట్టు లోపలున్న ఇంగ్లీషు బయటపడుతుంది.

అడిగేవాళ్ళకి కనిపించేది పై రూపం ఒక్కటే. హార్ఫ్‌బజ్ ఏమిటో తెలుసుకుని వచ్చి అడగమంటే ఎవరూ రారు. విభాగం పేరు వాళ్ళకి కనిపించేదాన్ని బట్టి ఉండాలి, మనకి తెలిసినదాన్ని బట్టి కాదు.

తమ్ముడూ, పెద్ద కమ్యూనిటీలన్నావు కదా. లిబ్రెఆఫీస్ వాళ్ళ ప్రశ్నల వేదిక ఆస్క్ లిబ్రెఆఫీస్ ఒకసారి తెరిచి చూడు. అక్కడ గదులు భాషల్ని బట్టి ఉన్నాయి. రైటర్, క్యాల్క్ అనేవి ప్రశ్నకి తగిలించే ట్యాగులు మాత్రమే. మొజిల్లా వాళ్ళు ముందు ప్రొడక్టు ఏదని అడుగుతారు. వాళ్ళు తయారుచేసేవి వాళ్ళవే కొన్ని ప్రొడక్టులు కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. మన దగ్గరికొచ్చేవాడి కంప్యూటర్లో పదిమంది చేసిన పది సరుకులు ఉంటాయి.

దర్గామిట్ట (నెల్లూరు)
ఆదివారం, మధ్యాహ్నం 2:15

పులుసు అయింది, వచ్చా.

మీరంతా ఎక్కడెక్కడివో చెబుతున్నారు. మన ఇంటి పక్కన స్వర్ణాల చెరువు ఉండగా వేరేచోటికి పోవడం ఎందుకు? మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి లక్షల మంది వస్తారు. ఒక్క చెరువు. అందరూ నీళ్ళలోనే దిగాలి. అయినా ఉద్యోగం కావాల్సినవాడు ఉద్యోగ రొట్టె పట్టుకున్నవాణ్ణి వెతుక్కుంటాడు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు సంతానం రొట్టె, చదువు కావాలంటే విద్యా రొట్టె, ఇల్లు కావాలంటే గృహ రొట్టె. కేకలేసుకుంటూ, పేర్లు రాసి పట్టుకుని, దొరకబుచ్చుకుంటారు.

ఆ పేర్లు చూడండి. వచ్చినవాడికి ఏం కావాలో అదే రొట్టె పేరు. గోధుమ రొట్టె ఇటు, జొన్న రొట్టె అటు అని ఎవరూ అరవరు. మనం చేసింది అదే. పిండిని బట్టి బోర్డులు పెట్టుకుని కూర్చున్నాం.

ఇంకో సంగతి. రొట్టె ఇచ్చేవాడు ఎవరు? పోయిన ఏడు తీసుకున్నవాడే. కోరిక తీరితే వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. మన దగ్గర జనం జవాబు తీసుకుని మళ్ళీ కనపడరు. "పనిచేసింది" అని ఒక మాట కూడా రాయరు. గదులు ఎన్నైనా పెట్టండి, దీనికొక దారి చూడండి.

ఒంగోలు_డీటీపీ
ఆదివారం, మధ్యాహ్నం 2:40

కన్వర్టర్ పనిచేసిందని నేనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా. పనిచేసింది అక్కా.

రిటైర్డ్_గుమాస్తా (కనిగిరి)
ఆదివారం, సాయంత్రం 5:30

ముప్పై ఏళ్ళు ఆఫీసుల్లో కాగితాల మధ్య బతికినవాణ్ణి. నాకు సాఫ్ట్‌వేర్ తెలియదు, మనవడు ఇప్పించిన ల్యాప్‌టాప్‌లో తెలుగు కొట్టడం మీ దగ్గరే నేర్చుకున్నాను. కాగితం ఎటు పోవాలో మాత్రం తెలుసు.

అర్జీ పట్టుకొచ్చిన రైతును "నీది ఏ సెక్షను? ఎ సెక్షనా, డి సెక్షనా?" అని అడిగితే వాడు వెనక్కి పోతాడు. అందుకే తపాలు ఒక్కచోట తీసుకుంటారు. నంబరు వేస్తారు. సూపరింటెండెంటు చదివి మూలన సెక్షను గుర్తు వేస్తాడు. అక్కణ్ణించి అది ఆ గుమాస్తా రిజిస్టరులోకి ఎక్కుతుంది. సెక్షన్లు ఉండేది మన సౌకర్యానికి. వాటిని వచ్చినవాడి నెత్తిన పెట్టకూడదు.

కాబట్టి అందరికీ ఒకే తపాలు గది పెట్టండి. మీలో తెలిసినవాళ్ళు రోజూ చూసి గుర్తు వెయ్యండి.

ఒంగోలు_డీటీపీ
ఆదివారం, సాయంత్రం 5:48

గుమాస్తా గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా. ఆ తపాలులో ఇచ్చిన నా అర్జీ ఒకటి ఇంకా వస్తూనే ఉంది సార్.

రిటైర్డ్_గుమాస్తా
ఆదివారం, సాయంత్రం 6:10

నంబరు వేయించుకున్నారా? వేయించుకోకపోతే అది అర్జీ కాదు, ఉత్తరం.

రొయ్యల_గుంట (కొత్త సభ్యులు)
ఆదివారం, సాయంత్రం 6:55

నమస్తే అన్నా. ఫోన్లో మేత లెక్కల యాప్ ఉంది. కూలోళ్ళ పేర్లు తెలుగులో రాస్తా. ఆ లెక్క సీఎస్‌వీ ఫైలుగా కంప్యూటర్‌కి పంపి ఎక్సెల్‌లో తెరిస్తే అంకెలు బాగానే ఉండాయి, పేర్లన్నీ పిచ్చిగీతలు. ఇంగ్లీషు చిన్న ఎ మీద గీతలు, కామాలు, ఏందో. రేపు వారం కూలీ ఇవ్వాల. ఫాంటు ఎక్కించినా పోలేదు. ఎవరన్నా చెప్తారా?

కందుకూరు_కుర్రోడు
ఆదివారం, సాయంత్రం 6:58

అన్నా, ఇది విభాగాల గురించిన చర్

కందుకూరు_కుర్రోడు
ఆదివారం, సాయంత్రం 6:59

పై పోస్టు పొరపాటున వెళ్ళింది, పట్టించుకోవద్దు. ఎవరైనా చెబుతారు అన్నా, ఉండండి.

కావలి_నెట్‌సెంటర్
ఆదివారం, రాత్రి 7:14

రొయ్యల అన్నా, ఫైలు బాగానే ఉంది, భయపడొద్దు. దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. ముందు ఎక్సెల్‌లో ఖాళీ షీట్ తెరవండి. పైన డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్‌వీ అని ఉంటుంది, అక్కడ మీ ఫైలు ఎంచుకోండి. ఒక కిటికీ వస్తుంది. దాంట్లో ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 అన్నది పెట్టండి. వెంటనే కింద పేర్లు తెలుగులో కనపడతాయి. లోడ్ కొట్టండి.

లిబ్రెఆఫీస్ ఉంటే ఇంకా తేలిక. క్యాల్క్‌లో తెరవగానే క్యారెక్టర్ సెట్ ఏదని అదే అడుగుతుంది, యూటీఎఫ్-8 అనండి. తెలుగు ఒక్కో అక్షరం ఫైలులో మూడు బైట్లుగా ఉంటుంది. యూటీఎఫ్-8 అని చెప్పకపోతే ఒక్కో బైటునీ విడి అక్షరం అనుకుని చూపిస్తుంది. మీరు చూసిన గీతలు అవే.

రొయ్యల_గుంట
ఆదివారం, రాత్రి 7:41

వచ్చినాయి అక్కా. అందరి పేర్లూ వచ్చినాయి.

పెన్నా_గట్టు (నిర్వాహకుడు)
ఆదివారం, రాత్రి 7:50

సంతోషం అన్నా. ఒక్కటి అడుగుతా, తప్పు పట్టడం కాదు. అన్ని విభాగాలుండగా ఇక్కడ ఎందుకు రాశారు?

రొయ్యల_గుంట
ఆదివారం, రాత్రి 7:58

పైన ఇదే కనపడింది. "ఒక మాట రాయండి" అని ఉంది, రాశా. ఆ జాబితాలో నాకు తెలిసిన పేరు విండోస్ ఒక్కటే. నా కంప్యూటర్ బాగానే ఉంది గదా, దాంట్లో ఎందుకు రాయాల? ఫాంట్లు అని ఉంది, కానీ ఫాంటు ఎక్కించి చూశా, అది కాదని తేలిపోయింది. ఇంక మిగిలినయ్యి ఏందో నాకు తెలవదు.

పెన్నా_గట్టు (నిర్వాహకుడు)
ఆదివారం, రాత్రి 8:20

చూశారుగా. అడిగినాయన తన బుర్రతో సరిగ్గానే ఆలోచించారు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చారు. జాబితాలోనే ఆయనకి తలుపు లేదు.

సరదాకి అడుగుతున్నా, ఈ ప్రశ్న మన 14లో ఎక్కడ పెట్టాలి?

కందుకూరు_కుర్రోడు: క్యాల్క్.
ఒంగోలు_డీటీపీ: ఫాంట్లు.
దర్గామిట్ట: విండోస్ అంటారేమో అందరూ.
రిటైర్డ్_గుమాస్తా: తపాలు.

కావలి_నెట్‌సెంటర్
ఆదివారం, రాత్రి 9:30

కరెంటు పోయి ఇప్పుడే వచ్చింది. నా రెండు మాటలు.

నేను ఇక్కడికి వచ్చేది ఫోన్లో, అదీ కౌంటర్ ముందు మనిషి నిలబడి ఉన్నప్పుడు. 14 పేర్ల జాబితాను చిన్న తెరమీద వేలితో జరుపుకుంటూ పోవాలంటే ప్రాణం విసుగెత్తుతుంది. నాలుగు పేర్లు ఒక్క చూపులో కనపడాలి.

రెండోది సిగ్గు విడిచి చెబుతున్నా. మూడు నెలల కింద ఒక పెద్దాయన దరఖాస్తు ప్రింటు సగంలో ఆగిపోయింది. తొందరలో తెర మొత్తం ఫోటో తీసి ప్రశ్నతో పాటు పెట్టేశా. ఆయన ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అన్నీ దాంట్లో ఉన్నాయి. పది నిమిషాల్లో ఉదయగిరి అన్న చూసి దాచేశారు. ఆ పది నిమిషాల్లో ఎవరు చూశారో నాకు తెలియదు. మర్నాడు ఆ పెద్దాయన మామూలుగా వచ్చి ఇంకో ప్రింటు తీసుకుని పోయాడు. చెప్పాలా వద్దా అని తన్నుకులాడి, చెప్పేశా. "పర్లేదులే అమ్మా" అన్నాడు. ఆ మాటతో ఇంకా బాధేసింది.

గదుల సంగతి తర్వాత. రాసే పెట్టెలోనే "ఫోటోలో ఎవరి నంబర్లూ లేవు కదా?" అని ఒక లైను ముందే కనిపించేటట్టు పెట్టండి. ఎక్కడో నియమావళి పేజీలో ఉంటే నాలాంటిది చదవదు.

ఉదయగిరి_కొండ
ఆదివారం, రాత్రి 9:52

అది ఈ రాత్రికే పెట్టేద్దాం, చర్చ అక్కర్లేదు. అలాంటి ఫోటో ఎవరి కంట పడ్డా జవాబు రాసే ముందు ఫ్లాగ్ కొట్టండి.

దర్గామిట్ట
సోమవారం, ఉదయం 10:05

ఇంకో ఆలోచన. నెల్లూరుకి ఒక గది, ప్రకాశానికి ఒక గది పెడితే? అప్పుడప్పుడు కలుసుకోవడానికి, పాత ర్యామ్‌లు, హార్డ్‌డిస్క్‌లు ఇచ్చిపుచ్చుకోవడానికి.

కందుకూరు_కుర్రోడు
సోమవారం, ఉదయం 10:09

నేను ఏ గదిలో ఉండాలన్నా? మా తాత పుట్టినప్పుడు మా ఊరు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ నెల్లూరు అన్నారు, 2025 ఆఖర్లో తిరిగి ప్రకాశం అన్నారు. మా ఇల్లు మాత్రం కదల్లేదు.

దర్గామిట్ట
సోమవారం, ఉదయం 10:12

ఆలోచన వెనక్కి తీసుకున్నా.

కందుకూరు_కుర్రోడు
సోమవారం, రాత్రి 10:40

రెండు రోజులు ఆలోచించా. తగ్గించడానికి ఒప్పుకుంటా, కానీ నా ఇబ్బందికి ఎవరూ జవాబు చెప్పలేదు. అడిగేవాళ్ళ సౌకర్యం సరే. జవాబు రాసేవాళ్ళం ఉన్నది కొద్దిమందిమి, మా టైము ఎవరు చూస్తారు? లినక్స్ ప్రశ్న వస్తే నాకు గంట మోగాలి. ఫాంట్ల ప్రశ్న వస్తే మోగకూడదు.

ఉదయగిరి_కొండ
సోమవారం, రాత్రి 11:04

న్యాయమైన ప్రశ్న. ట్యాగులు అందుకే. మన వేదిక నడిచేది డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద. దాంట్లో నువ్వు ఒక ట్యాగును వాచ్‌లో పెట్టుకుంటే, ఏ గదిలో పడినా ఆ ట్యాగున్న ప్రశ్నకి నీకు గంట మోగుతుంది. అడిగినవాళ్ళు ట్యాగు పెట్టక్కర్లేదు, గుమాస్తా గారు చెప్పిన సెక్షను గుర్తు లాగా మనమే వేస్తాం. డిస్కోర్స్ సభ్యులకిచ్చే నమ్మకం స్థాయిల్లో మూడోది వచ్చినవాళ్ళెవరైనా శీర్షిక మార్చొచ్చు, గది మార్చొచ్చు, అంతా నిర్వాహకుడి నెత్తినే పడదు.

కానీ ట్యాగులకూ ఒక చిక్కుంది. ఇప్పటికే మన దగ్గర ప్రింటర్, ప్రింటరు, ప్రింటింగ్ అని మూడున్నాయి. సాఫ్ట్‌వేర్ అనేది రెండుంది. చూడ్డానికి దాదాపు ఒకటే. ఒకదాంట్లో ట పొల్లును నిలబెట్టడానికి కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంది, రెండోదాంట్లో అది లేక వ వత్తుగా దిగిపోయింది. యంత్రానికి అవి రెండు వేరే మాటలు. సెర్చ్‌లోనూ ఇదే గొడవ. ప్రింటర్‌లో, ప్రింటరుకి, ప్రింటర్ల అని మనం విభక్తులు తగిలిస్తూ పోతాం, అది ఒకదానికి వెతికితే ఇంకోటి చూపించదు. మనం "సెర్చ్ చేసి అడగండి" అని కసురుకున్న ప్రతిసారీ ఇది గుర్తు పెట్టుకోవాలి. ఆ మనిషి సెర్చ్ చేసే ఉంటాడు.

ఒకే అర్థమున్న ట్యాగుల్ని పర్యాయపదాలుగా కట్టెయ్యొచ్చు. ఆ పని నేను చేస్తా. కొత్త ట్యాగులు మాత్రం అందరూ సృష్టించకుండా ఆపాలి.

కందుకూరు_కుర్రోడు
సోమవారం, రాత్రి 11:10

అయితే ఓకే. లినక్స్ ట్యాగు నేను చూసుకుంటా.

రిటైర్డ్_గుమాస్తా
మంగళవారం, ఉదయం 6:15

పాత పోస్టుల సంగతి ఎవరూ ముట్టలేదు. మా దగ్గర ఫైలు ముగిశాక మూడు నాలుగు దారులుండేవి. ఎల్.డిస్ అంటే ఏడాది ఉంచి తీసెయ్యడం. డి.డిస్ అంటే పదేళ్ళు. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ రికార్డు రూములో ఉండాల్సిందే. అన్నీ దాచితే చెదలకి మేత, అన్నీ పారేస్తే రేపు కోర్టులో నోరు తెరవలేం.

విండోస్ 7కి 2020 జనవరి 14నే సెలవిచ్చేశారట కదా, ఆ ప్రశ్నలు ఎల్.డిస్ చెయ్యండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చడం గురించినవి ఆర్.డిస్. మన జిల్లాల్లో ఆ ఫైళ్ళు ఇంకా ఎన్ని బీరువాల్లో ఉన్నాయో.

ఒంగోలు_డీటీపీ
మంగళవారం, ఉదయం 9:20

విండోస్ 7వి తీసెయ్యొద్దు సార్, మా షాపులో రెండో సిస్టం అదే. తాళం వెయ్యండి, పారెయ్యొద్దు.

నాదింకో మాట. అను, పేజ్‌మేకర్ డబ్బు పెట్టి కొనే సరుకు, మనది ఉచిత సాఫ్ట్‌వేర్ వేదిక, అందుకని వాటి మాట ఎత్తకూడదని కొందరికి ఉంది. ఎత్తనివ్వకపోతే మాలాంటివాళ్ళం ఇక్కడికి రాం. రాకపోతే స్క్రైబస్ అనేది ఒకటుందని మాకు తెలిసేదే కాదు. మాకొక గది ఇవ్వండి.

పలక_బలపం
మంగళవారం, సాయంత్రం 6:30

కబుర్ల గది ఒకటి ఉండాలి. పేరు రచ్చబండ అంటే బాగుంటుంది.

ఒంగోలు_డీటీపీ
మంగళవారం, సాయంత్రం 6:41

రచ్చ అని మనమే పేరు పెట్టి పిలిస్తే రాకుండా ఉంటుందా మేడం.

ఉదయగిరి_కొండ
మంగళవారం, సాయంత్రం 7:00

తెలుగు వికీపీడియాలో చర్చల పేజీ పేరు అదే. అప్పుడప్పుడు రచ్చ అయినా నడుస్తూనే ఉంది.

పెన్నా_గట్టు (నిర్వాహకుడు)
గురువారం, రాత్రి 9:15

సరే, నాకు అర్థమైన మేరకు ఇలా చేస్తున్నా. సంక్రాంతి దాకా చూద్దాం, కుదరకపోతే మళ్ళీ కూర్చుందాం.

అన్నిటికంటే పైన "ఎక్కడ అడగాలో తెలియదు" అనే గది. ఇతరములు పేరు తీసేసి దాన్నే ఇలా మారుస్తున్నా. అడుగున ఉన్నదాన్ని పైకి తెచ్చానంతే. దాని కింద "తెలుగు అక్షరాలు సరిగా రావట్లేదు", "ప్రింటు, పీడీఎఫ్, డీటీపీ", "పాత కంప్యూటర్లు, లినక్స్". ఆపైన రచ్చబండ. ప్రకటనలు పక్కకి, దాంట్లో నేను తప్ప ఎవరూ రాయలేరు. అనువాదం రచ్చబండలో ఒక ట్యాగు అవుతుంది. నిజంగా సాఫ్ట్‌వేర్‌లో తప్పున్నట్టు తేలిన ప్రశ్నల్ని ఉదయగిరి అన్న ఇంగ్లీషులో రాసి లిబ్రెఆఫీస్ వాళ్ళు తప్పులు నమోదు చేసుకునే బగ్‌జిల్లాకి పంపుతానన్నారు. దానికి ఇక్కడ గది అక్కర్లేదు.

డీటీపీ అన్నకి పూర్తి గది ఇవ్వలేదు, గది పేరులో మూడో వంతు ఇచ్చా. అను, పేజ్‌మేకర్ ప్రశ్నలు అక్కడ అడగొచ్చు, ఎవరూ వెళ్ళగొట్టరు.

"చోటు తప్పు" అని ఎవరూ రాయకూడదు. మార్చాలనిపిస్తే మార్చి ఊరుకోండి, జవాబు మాత్రం రాయండి. సమస్య తీరినవాళ్ళు ఏ జవాబు పనిచేసిందో దాని కింద టిక్ పెట్టాలి. రెండు రోజులైనా పెట్టకపోతే దర్గామిట్ట అన్న వెళ్ళి రొట్టె సంగతి గుర్తు చేస్తారు. పాతవి ఏవీ చెరపడం లేదు, తాళం వేస్తున్నాం. గుమాస్తా గారు రోజూ పొద్దున్న పై గది చూసి గుర్తు వేస్తానన్నారు.

పాత గదులు రేపు రాత్రి మూసేస్తా.

ఒంగోలు_డీటీపీ
గురువారం, రాత్రి 9:40

మూడో వంతు తక్కువే. సంక్రాంతికి మళ్ళీ అడుగుతా.

రొయ్యల_గుంట
శుక్రవారం, మధ్యాహ్నం 1:10

అక్కా, మా పక్క గుంట ఆయనకీ అదే గీతల సమస్య. 65001 నేనే చెప్పి చేయించా. టిక్ యాడ పెట్టాల?

కావలి_నెట్‌సెంటర్
శుక్రవారం, మధ్యాహ్నం 1:25

మీ ప్రశ్నని ఇక్కణ్ణించి విడదీసి అక్షరాల గదిలోకి మారుస్తారు అన్నా, అక్కడ నా జవాబు కింద పెట్టండి. ఆయన్ని కూడా చేరమనండి.

కందుకూరు_కుర్రోడు
శుక్రవారం, రాత్రి 8:50

అన్నా, స్క్రైబస్ గది మూసే ముందు ఒకసారి చూడండి. దాంట్లో మొట్టమొదటి ప్రశ్న వచ్చింది!

పెన్నా_గట్టు (నిర్వాహకుడు)
శుక్రవారం, రాత్రి 9:02

చూశా. "వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయా, ఎట్టా తెలుసుకోవాలి?"

రిటైర్డ్_గుమాస్తా
శుక్రవారం, రాత్రి 9:06

తపాలులో వేశాను.